సింగ్‌నగర్‌కు పేపర్ చేరని రోజులు: ఒక జిల్లా డెస్క్ కేస్ స్టడీ

నేను ఒక తెలుగు దినపత్రిక విజయవాడ ఎడిషన్‌లో జిల్లా డెస్క్ ఇన్‌చార్జిని. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు మా డెస్క్ ఏం చేసింది, ఆ తర్వాత మా పనిలో ఏ మార్పులు నిలబడ్డాయి, ఏవి నిలబడలేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. మా పేపర్ పేరు చెప్పడం లేదు. ఈ సమస్యలు తెలుగులో ఏ పేపర్ జిల్లా డెస్క్‌కైనా ఉన్నవే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటర్నెట్ కాలానికి పత్రిక మారాలి అనగానే మన ఆఫీసుల్లో యాప్ గురించీ, ఈ-పేపర్ గురించీ మాట్లాడతారు. ఆ రెండూ మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటి వల్ల మా పని రవ్వంత కూడా మారలేదు. నిజంగా మారాల్సినవి రెండు: విలేకరికి డబ్బు లెక్కగట్టే పద్ధతి, డెస్క్ పనిచేసే వేళలు. ఈ రెండూ రాత్రి ప్రింటింగ్ కోసం ఏర్పడినవి. వాటిని కదపకుండా ఎంత టెక్నాలజీ తెచ్చినా, ఫోన్‌లో కనపడేది నిన్నటి పేపరే.

పాత పద్ధతి

తెలుగు పత్రికలకు బలం జిల్లా పేజీలు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లాకో టాబ్లాయిడ్ (మెయిన్ పేపర్‌తో పాటు వచ్చే చిన్న సైజు పేపర్) ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత అందరిదీ అదే దారి. 2008 మార్చిలో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చేనాటికి, జిల్లా పేజీలు లేకుండా పేపర్ నడపొచ్చన్న ఆలోచనే ఎవరికీ లేదు. మండలానికో విలేకరి ఉండేవాడు. తమ ఊళ్లో బోరు పాడైన సంగతి, బడిలో టీచర్ లేని సంగతి అచ్చులో చూసుకున్న పాఠకుడు ఆ పేపర్‌ను వదల్లేదు.

ఆ విలేకరుల్లో ఎక్కువ మంది జీతం మీద పనిచేసేవాళ్లు కారు, కంట్రిబ్యూటర్లు. నెలాఖరుకు వాళ్లకు వచ్చేది లైన్ అకౌంట్. అంటే, అచ్చయిన వార్తను కొలిచి దాని ప్రకారం ఇచ్చే డబ్బు. యాడ్ తెస్తే కమీషన్ వేరే. అచ్చయితేనే డబ్బు, పొడుగ్గా ఉంటేనే ఎక్కువ డబ్బు. మధ్యాహ్నం మూడింటికి కాలువ కట్ట మీద నిలబడి, ‘కట్ట గట్టిగానే ఉంది, భయం లేదు’ అని ఫోన్ చేసిన విలేకరికి పైసా రాదు. అదే కట్ట తెగితే బ్యానర్ (పేజీ పైన పెద్ద హెడ్డింగుతో వార్త) వస్తుంది, డబ్బూ వస్తుంది. కానీ కట్ట కింద కాపురం ఉన్నవాళ్లకు మొదటి కబురే ముఖ్యం. ఈ తేడా ఇన్నేళ్లూ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఎందుకంటే ఆ కబురును మూడింటికి వాళ్లకు చేర్చే దారే మా దగ్గర లేదు.

వేళల సంగతీ అంతే. కాపీ, అంటే విలేకరి రాసిన వార్త, సాయంత్రానికి వస్తుంది. దాన్ని దిద్దే సబ్-ఎడిటర్లు మధ్యాహ్నం దాటాక డ్యూటీ ఎక్కుతారు. దూరపు మండలాల పేజీలు ముందు వెళ్తాయి, సిటీ పేజీలు చివర. అర్ధరాత్రి ప్రింటింగ్, తర్వాత వ్యాన్లు, తెల్లవారుజామున ఏజెంట్ల దగ్గరికి కట్టలు, ఆరింటికల్లా గుమ్మంలో పేపర్. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా డెస్క్‌లో అన్నీ ఖాళీ కుర్చీలే. జనం బస్సులో, షాపులో, ఆఫీసులో ఫోన్ తీసి చూసుకునేది సరిగ్గా ఆ వేళల్లోనే.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఊళ్లలో కూడా వార్తకు మొదటి చోటు వాట్సాప్ అయింది. 2020 లాక్‌డౌన్‌లో అపార్ట్‌మెంట్ల వాళ్లు పేపర్ బాయ్‌ను లోపలికి రానివ్వలేదు. యాడ్స్ ఆగాయి, పేజీలు తగ్గాయి, చాలాచోట్ల జిల్లా టాబ్లాయిడ్లు మెయిన్ పేపర్‌లో కలిసిపోయాయి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 కావడంతో ఉన్న ఆ కాస్త చోటునూ మళ్లీ పంచాల్సి వచ్చింది. మండల వార్తకు పేపర్‌లో చోటు కుదించుకుపోతున్న సమయంలోనే, ఫోన్‌లో చోటుకు కొదవ లేకుండా పోయింది. ఆ చోటును షార్ట్ న్యూస్ యాప్‌లూ యూట్యూబ్ చానళ్లూ నింపాయి. మేము పక్కన నిలబడి చూశాం.

సెప్టెంబర్ 1, ఆదివారం

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ ఉంది. వరద వస్తే అక్కడి నుంచి డైవర్షన్ కాలువలోకి మళ్లించి కృష్ణలో కలుపుతారు. ఆ కాలువ కట్టకు కవులూరు, శాంతినగర్ వైపు గండ్లు పడ్డాయి. మరోపక్క కృష్ణ కూడా నిండుగా ఉంది. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. 2009 అక్టోబర్ వరదకన్నా ఎక్కువ. నది అంత ఎత్తున పారుతుంటే బుడమేరు నీరు ఎటు పోతుంది? సింగ్‌నగర్, ప్రకాష్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక, జక్కంపూడి కాలనీ అన్నీ మునిగాయి.

ఆ లైన్ల (ఏజెంట్లు పేపర్ వేసే వీధుల) కట్టలు సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఇవతలే ఆగిపోయాయి. కొందరు ఏజెంట్ల ఇళ్లే నీళ్లలో ఉన్నాయి. లోపల కరెంటు లేదు, ఫోన్లకు చార్జింగ్ లేదు. అంటే ఎవరి గురించి వార్త రాస్తున్నామో వాళ్లకు పేపరూ అందదు, ఇంటర్నెట్టూ అందదు.

మరి ఆ రోజు మాకు ఫోన్లు చేసింది ఎవరు? హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి వాళ్ల పిల్లలు. ‘అండీ, మా అమ్మావాళ్లు వాంబే కాలనీలో రెండో అంతస్తులో ఉన్నారు. ఫోన్ కలవడం లేదు. అటు పడవ వస్తోందా?’ మాటలు వేరైనా అందరూ అడిగింది ఇదే. టీవీలో ఫ్లైఓవర్ కనిపిస్తోంది, డ్రోన్ షాట్లు కనిపిస్తున్నాయి. తమ వీధి సంగతి మాత్రం ఎవరూ చెప్పడం లేదు. మా దగ్గరేమో ఆ వీధుల్లోనే పుట్టి పెరిగిన రిపోర్టర్లున్నారు. వాళ్లు నడుముల్లోతు నీళ్లలో తిరిగి సాయంత్రానికి తెచ్చే కాపీ మాత్రం ‘జలదిగ్బంధంలో సింగ్‌నగర్’ అన్న తరహాలో ఉంటోంది. లైన్ అకౌంట్ రాయించే కాపీ అది.

ఏ వీధిలో పరిస్థితి ఎలా ఉందో ఫోన్‌లో చూసుకునేలా అప్పుడు పెట్టిందే వీధుల పట్టిక. దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. తర్వాత మేము చేసిన ప్రతి మార్పూ దాని నుంచే వచ్చింది.

అందులో ఫొటో లేదు, డిజైన్ లేదు. వట్టి టెక్స్ట్. సిగ్నల్ ఒక గీత మాత్రమే ఉన్న ఫోన్‌లోనూ తెరుచుకోవాలి, కాపీ చేసి బంధువుల గ్రూపులో వేసుకోవడానికీ వీలుండాలి. ఒక్కో చోటుకు ఆరు సంగతులు: నీళ్లు ఎంత లోతు, పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా, కరెంటు ఉందా, పడవ గానీ ట్యాంకరు గానీ వస్తోందా, చూసింది ఎవరు, ఎన్ని గంటలకు. ఒక ఎంట్రీ ఇలా ఉండేది: ‘ప్రకాష్‌నగర్ సెంటర్. మోకాళ్లకు పైన. ఉదయం కన్నా కొంచెం తగ్గింది. కరెంటు లేదు. పాల ప్యాకెట్లు, నీళ్ల బాటిళ్లతో ట్రాక్టరు వచ్చి వెళ్లింది. మా రిపోర్టర్ చూసింది, మధ్యాహ్నం 3.10.’

లోతు అడుగుల్లో రాయొద్దన్నాం. నీళ్లలో నిలబడ్డ మనిషికి అడుగుల లెక్క తెలియదు. మడమ, మోకాలు, నడుము, ఛాతీ అని రాస్తే, ఇంట్లో పెద్దవాళ్లున్నవారికి వెంటనే అర్థమవుతుంది. టైమ్ లేని ఎంట్రీ వేయకూడదని గట్టి రూల్ పెట్టుకున్నాం. ఎవరో చెప్పగా తెలిసిందైతే ‘స్థానికులు చెప్పింది’ అని విడిగా రాశాం. సమాచారం లేని వీధుల పేర్లు తీసేయకుండా, ‘ఉదయం 11 తర్వాత సమాచారం అందలేదు’ అని ఉంచాం. జనం ఎక్కువగా స్పందించింది ఆ ఖాళీలకే. ‘ఇప్పుడే మా బావతో మాట్లాడాం, అక్కడ నీళ్లు తగ్గాయి’ అని వాళ్లే ఫోన్ చేసేవాళ్లు. రిపోర్టర్‌తోనో మరొకరితోనో సరిచూసుకుని ఎక్కించేవాళ్లం.

డెస్క్‌లో ఒక సీనియర్ సబ్-ఎడిటర్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. ‘అంతా ఇవాళే ఫోన్‌లో ఇచ్చేస్తే రేపు పేపర్‌లో ఏం వేస్తాం?’ పత్రికల్లో పాతికేళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇది. కొట్టిపారేయాల్సింది కాదు. మా అనుభవంలో తేలింది మాత్రం ఇది. పట్టిక పగలు ఫోన్‌లో తిరిగింది కాబట్టి, రాత్రి పేజీ మీద ‘మునిగిన ఇళ్లు, కన్నీళ్లు’ అన్న కాపీ అక్కర్లేకపోయింది. ఆ చోటులో బుడమేరు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో మ్యాప్ వేశాం. డైవర్షన్ కాలువ ఎందుకు పనిచేయలేదో రాశాం. రాత్రి 11 గంటల వరకు వచ్చిన పట్టికనూ అచ్చేశాం. నీళ్లు రాని పటమట, బెంజిసర్కిల్ వైపు పాఠకులు ఆ మ్యాప్ కత్తిరించి దాచుకున్నారని ఏజెంట్లు చెప్పారు. అప్పటిదాకా ఆ పనిని ఎవరూ చేయలేదు కాబట్టి పేపర్‌కు సొంత పని మిగిలింది.

మూడో గండిని సైన్యం సాయంతో సెప్టెంబర్ 7న పూడ్చారు. ఆ తర్వాత కూడా, మళ్లీ నీరొస్తోందని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరిగాయి. అప్పుడే ఇళ్లు కడుక్కుంటున్న జనం మూటలు సర్దుకున్నారు. మేము ఇరిగేషన్ ఇంజినీర్‌తో మాట్లాడాం. దానితో ఆగకుండా ఆ వైపు కంట్రిబ్యూటర్‌ను కట్ట మీదకు పంపాం. అతను పూడ్చిన గండిని చూపిస్తూ, తేదీ, టైమ్ పైకి చదివి చిన్న వీడియో తీశాడు. అధికారి ఖండన కన్నా ఆ వీడియోనే జనం ఎక్కువ నమ్మారు. లైన్ అకౌంట్ లెక్కలో ఆ వీడియోకు వచ్చేది సున్నా. ఆ నెలాఖరున అతని బిల్లు నా టేబుల్ మీదకు వచ్చినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

నీళ్లు పోయాక

పత్రికలు సాధారణంగా ఇక్కడే వదిలేస్తాయి. ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వారికి 10 వేల రూపాయల సాయం ప్రకటించింది. ఇంటింటి లెక్కలు మొదలయ్యాయి. పేరు రాలేదని, తాళం వేసి ఉందని వదిలేశారని, అద్దెకున్నవాళ్లకు వస్తుందా ఇంటి ఓనర్‌కు వస్తుందా అని మళ్లీ ఫోన్లు. ‘జాబితాలో పేరు లేకపోతే ఏం చేయాలి’ అని ఒకే పేజీ పెట్టి, వార్డు సచివాలయాల దగ్గర మా వాళ్లు కనుక్కున్నదాన్ని రోజూ అందులోనే చేరుస్తూ పోయాం. పేపర్‌లో అయితే రోజుకో కొత్త వార్త రాయాలి, నిన్నటిది చిత్తుకాగితం. ఫోన్‌లో ఒకే పేజీని రోజూ సరిదిద్దుతూ బతికించుకోవచ్చు. వరద ఫొటోల కన్నా ఎక్కువ రోజులు జనం వెతుక్కుంటూ వచ్చింది ఆ పేజీకే. జిల్లా డెస్క్‌లో అందరూ నేర్చుకోవాల్సిన కొత్త పని ఏదైనా ఉందంటే ఇదేనని నా నమ్మకం.

మార్చినవి

మొదట డబ్బు లెక్క. మేనేజ్‌మెంట్‌తో చాలాసార్లు కూర్చోవాల్సి వచ్చింది. లైన్ అకౌంట్ తీసేయలేదు. దాని పక్కనే, టైమ్‌తో సహా పంపి డెస్క్ సరిచూసి వేసిన ప్రతి అప్‌డేట్‌కూ ఒక రేటు పెట్టాం. పొడవుతో సంబంధం లేదు. ‘ఏమీ జరగలేదు, అంతా మామూలే’ అన్న అప్‌డేట్‌కూ అదే డబ్బు. అకౌంట్స్ వాళ్లకు ఇది మింగుడుపడలేదు. జరగని దానికి డబ్బేమిటని అడిగారు. వాగు పొంగుతుందని ఊరంతా భయపడే రాత్రి, పొంగలేదన్న కబురు కన్నా పెద్ద వార్త ఉండదని చెప్పి ఒప్పించాం.

దీంతో కొత్త తలనొప్పి కూడా వచ్చింది. కొందరు ప్రెస్ మీట్లు, పుట్టినరోజు ఫ్లెక్సీలు కూడా అప్‌డేట్లుగా పంపడం మొదలుపెట్టారు. అందుకని అప్‌డేట్ అంటే ఏమిటో రాసి ఇచ్చాం: కరెంటు, నీళ్లు, రోడ్డు, ఆస్పత్రి, మార్కెట్ ధర, ప్రభుత్వ ఆఫీసులో పని. నాయకుల పర్యటనలు దీని కిందకు రావు. లోకల్ నాయకుల నుంచి విలేకరుల మీద వచ్చే ఒత్తిడి తెలిసినవాళ్లకు ఈ ఒక్క గీత ఎంత అవసరమో అర్థమవుతుంది. యాడ్ కమీషన్ కూడా అదే విలేకరి చేతిలో ఉన్నంతకాలం ఆ ఒత్తిడి పూర్తిగా పోదు. వార్త రాసే మనిషి చేత యాడ్ అడిగించడం తెలుగు పత్రికల్లో ఉన్న పెద్ద జబ్బు. మా దగ్గరా అది ఇంకా ఉంది.

తర్వాత వేళలు. ఇద్దరు సబ్-ఎడిటర్లను ఉదయం ఏడింటి షిఫ్ట్‌కు మార్చాం. కొత్తవాళ్లను ఇవ్వలేదు. రాత్రి పేజీల్లో కోత పెట్టి ఆ ఇద్దరినీ తీశాం. పొద్దున షిఫ్ట్‌కు కొత్తగా చేరిన కుర్రాళ్లను వేద్దామని అందరూ అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఏది నమ్మాలో, ఎవరికి ఫోన్ చేస్తే నిజం తెలుస్తుందో తెలిసిన సీనియర్లే పొద్దున ఉండాలి. పేపర్‌లో తప్పు పడితే రేపు సవరణ వేస్తాం. ఫోన్‌లో పడ్డ తప్పు పది నిమిషాల్లో వంద గ్రూపుల్లో ఉంటుంది.

హెడ్డింగుల విషయంలో డెస్క్ బాగా ఇబ్బంది పడింది. మన సబ్-ఎడిటర్లకు ప్రాస, చమత్కారం ప్రాణం. ‘బుడమేరు.. కన్నీరు’ అని పేపర్‌లో పెడితే బాగుంటుంది, పక్కన ఫొటో ఉంటుంది, కింద డేట్‌లైన్ (ఊరు, తేదీ) ఉంటుంది. ఫోన్‌లో అవేవీ కనిపించవు. జనం తెలుగు మాటల్నే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఊరి పేరుతో వెతుకుతారు. అందుకని ఒకే వార్తకు రెండు హెడ్డింగులు రాయమన్నాం. పేపర్‌కు రాసేది వాళ్లిష్టం. ఫోన్‌కు రాసేదాంట్లో ఊరు, సంగతి, రోజు ఉండాలి.

దీనికి అడ్డుపడిన ఇంకో సమస్య ఫాంట్. తెలుగు పత్రికలు దశాబ్దాల పాటు పేజీలు కట్టింది యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా కనిపించే, వెతకడానికి వీలైన అక్షరాల్లో కాదు. అను లాంటి ఫాంట్లలోనో, సొంతంగా చేయించుకున్న ఫాంట్లలోనో. ఒకప్పుడు ఆ పేపర్ ఫాంట్ దించుకోకపోతే వెబ్‌సైట్‌లో పిచ్చిగీతలు కనిపించేవి. ఇప్పుడు సైట్లన్నీ యూనికోడే అయినా, పాత పేజీలు మాత్రం ఎవరూ వెతకలేని రూపంలో మిగిలిపోయాయి. బుడమేరుకు 2005లో కూడా పెద్ద వరద వచ్చింది. అప్పుడు మా పేపర్ ఏం రాసిందో చూడాలంటే లైబ్రరీ గదిలో బైండింగులు తిప్పాల్సి వచ్చింది. పాత ఫాంట్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వత్తులూ సంయుక్తాక్షరాలూ చెడిపోతాయి, ఊళ్ల పేర్లు గుర్తుపట్టలేనట్టు తయారవుతాయి. అన్నీ ఒకేసారి మార్చడం మా వల్ల కాదు. వాగులు, చెరువులు, కాలువల మీద వచ్చిన పాత వార్తలను మాత్రం రోజుకు కొన్ని చొప్పున చేత్తో దిద్ది ఎక్కిస్తున్నాం. ఈ నిధి మరే యాప్ దగ్గరా లేదు.

డబ్బు

పేపర్ అమ్మే ధర దాని ఖర్చుకు సరిపోదు. మిగతాది యాడ్స్ మోస్తాయి. అదే యాడ్ ఫోన్‌లో వేస్తే వచ్చేది చాలా తక్కువ, అందులోనూ పెద్ద వాటా గూగుల్, ఫేస్‌బుక్ వైపే పోతుంది. కాబట్టి పాఠకుడి నుంచి ఎంతో కొంత రావాలి.

బయటి దేశాల్లో దీనికి ఒకే జవాబు దొరకలేదు. న్యూయార్క్ టైమ్స్ 2011 మార్చిలో, నెలకు 20 వార్తల తర్వాత డబ్బు కట్టాలంది. తర్వాత వంటలు, ఆటలు కూడా చందాలో కలిపింది. ఇప్పుడు కోటికి పైగా చందాదారులున్నారు. కెనడాలోని మాంట్రియల్‌లో లా ప్రెస్ అనే పేపర్ దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్లింది. 2013లో ట్యాబ్లెట్ ఎడిషన్ ఉచితంగా ఇచ్చి, 2016 నుంచి సోమవారం నుంచి శుక్రవారం దాకా వచ్చే ప్రింట్, 2017 చివరికి శనివారం ప్రింట్ కూడా ఆపేసి, 2018లో లాభాపేక్ష లేని సంస్థగా మారింది. ప్రపంచమంతా చదివే ఇంగ్లిష్ పేపర్ లెక్క మన జిల్లా పేపర్‌కు కుదరదు. కెనడా లెక్కా కుదరదు. మన దగ్గర ప్రింట్ ఇంకా అమ్ముడవుతోంది.

నాకు పనికొచ్చింది అమెరికాలోని ఆర్కాన్సా డెమొక్రాట్-గెజిట్ ఉదాహరణ. దూరపు ఊళ్లకు రోజూ ప్రింట్ పంపడం గిట్టుబాటు కాక, 2018లో ఒక చిన్న ఊళ్లో ప్రయోగం మొదలుపెట్టారు. ఆదివారం మాత్రం ప్రింట్, మిగతా రోజుల్లో ఐప్యాడ్‌లో అదే పేపర్. నెలకు 34 డాలర్ల చందా కట్టే పాఠకుడికి ఐప్యాడ్ వాళ్లే ఇచ్చారు. అందరూ ఐప్యాడ్ గురించే మాట్లాడతారు. నేను గమనించింది ఇంకొకటి: దాన్ని ఎలా వాడాలో చందాదారుల్ని కూర్చోబెట్టి మనుషుల చేత నేర్పించారు. పేపర్‌కు అలవాటుపడ్డ పెద్దవాళ్లు స్క్రీన్‌కు రారన్న మాట నిజం కాదని అక్కడ తేలింది. నేర్పే మనిషి ఉంటే వస్తారు.

మన దగ్గర ఆ మనిషి ఇప్పటికే ఉన్నాడు. పేపర్ ఏజెంట్. నెలనెలా గుమ్మంలోకి వచ్చి బిల్లు తీసుకునే మనిషి. ఇప్పటిదాకా ఈ-పేపర్ అంటే తన పొట్ట కొట్టేదని ఏజెంట్‌కు భయం, ఆ భయంలో తప్పేమీ లేదు. కొన్ని లైన్లలో మేము చేసిందేమిటంటే, ఆ ఇంట్లో ఎవరు డిజిటల్ చందా కట్టినా ఏజెంట్‌కు కమీషన్ వచ్చేలా చూశాం. అమెరికాలో ఉన్న కొడుకు కట్టినా, అది ఇక్కడి అమ్మానాన్నల లైన్ ఏజెంట్ ఖాతాలోనే పడుతుంది. లాగిన్ చేయించడం, అక్షరాలు పెద్దవి చేసి చూపించడం ఏజెంట్ పని. వరద రోజుల్లో పట్టిక చూసి పేపర్ పేరు గుర్తుపెట్టుకున్న పిల్లలే ఇందులో ముందు చేరారు. ఆ సంఖ్య ఇంకా ప్రింట్ ఖర్చులు మోసేంత పెద్దది కాదు. కానీ ఏజెంట్లు ఈ-పేపర్‌ను తిట్టడం మానేశారు. అది చిన్న విషయమేమీ కాదు.

పొద్దున్నే పేపర్ పీడీఎఫ్‌లు గ్రూపుల్లో తిరగడం ఆపలేకపోతున్నాం. దానికన్నా పెద్ద దెబ్బ ఎన్నికల వేళ పత్రికల పేర్లతో తిరిగే నకిలీ క్లిప్పింగులు. అదే ఫాంట్, అదే మాస్ట్‌హెడ్ (పేపర్ పేరు ఉండే పై భాగం), వార్త మాత్రం పచ్చి అబద్ధం. ఇప్పుడు మా ప్రతి క్లిప్పింగ్ కిందా అసలు పేజీ లింకు, తేదీ ఉంటాయి. లింకు లేకుండా మా పేరుతో వచ్చింది నమ్మొద్దని పేపర్‌లోనే వారానికోసారి వేస్తున్నాం. అనుమానం వస్తే పంపడానికి ఒక నంబర్ ఇచ్చాం. పొద్దున షిఫ్ట్ సబ్-ఎడిటర్ జవాబు చెబుతారు.

నిలబడనివీ ఉన్నాయి. స్టూడియో పెట్టి యాంకర్‌తో జిల్లా బులెటిన్ చేశాం, టీవీ చానళ్ల ముందు తేలిపోయింది, ఆపేశాం. మార్కెట్ ధరల పట్టికకు మంచి ఆదరణ వచ్చినా, కంట్రిబ్యూటర్ సెలవు పెట్టిన రోజు ఖాళీగా ఉండిపోతోంది. దానికి ఇంకా దారి దొరకలేదు.

ఈసారి వానాకాలం కోసం పని మొదలైంది. వెలగలేరు రెగ్యులేటర్ నుంచి సింగ్‌నగర్ దాకా కట్ట పొడవునా ఏ చోటు ఏ కంట్రిబ్యూటర్ చూడాలో పేర్లు రాసుకున్నాం. నీళ్లు వచ్చిన వీధుల్లో, ఫోన్ చేస్తే తీసి మాట్లాడే ఇంటికొకరి చొప్పున నంబర్లు సేకరిస్తున్నాం. కరెంటు పోయినా వాళ్ల ఫోన్లు పనిచేయాలి కాబట్టి పవర్ బ్యాంకులు కొనివ్వమని మేనేజ్‌మెంట్‌కు రాశాను. ఆ ఫైల్ ఇంకా అకౌంట్స్‌లోనే ఉంది.